ఒకే ముక్కా, రెండు ముక్కలా? చైనా స్త్రీల ఉడుపులో మారుతూ వచ్చిన అర్థాలు

మన జానపద కథల్లో రాజుగారికి ఎవరిమీదైనా దయ కలిగితే చీని చీనాంబరాలు కట్టబెట్టేవారు. ఆ మాటలోని చీనా చైనాయే. పట్టు ఆ దేశం నుంచి వచ్చేదన్న జ్ఞాపకం మన భాషలో అలా నిలిచిపోయింది. ఆ పట్టును నేసినవారూ, దానిపై బొమ్మలు కుట్టినవారూ, దాన్ని తొడుక్కున్నవారూ దానితో ఏం చెప్పుకున్నారన్నది మాత్రం మన దాకా రాలేదు. ఇప్పుడు మనకు చేరేదల్లా ఒక చిన్న పట్టిక: ఎరుపు శుభం, తెలుపు చావు, డ్రాగన్ అధికారం, నిలువు కాలరుతో ఒంటికి అతుక్కునే పొడవాటి గౌను చైనా సంప్రదాయ దుస్తు. ఈ పట్టికలో ప్రతి మాటా కొంతవరకు నిజమే, కాని ఏదీ ఎల్లకాలమూ నిజం కాదు. టాంగ్ రాజవంశపు కాలంలో పెళ్ళికూతురి రంగు ఎరుపు కాదు. ఆ పొడవాటి గౌను ఇప్పటి రూపంలో పుట్టి సుమారు నూరేళ్ళే అయింది. దాన్ని తొడుక్కున్నందుకు ఒక దేశాధ్యక్షుడి భార్యను వేలాది మంది ముందు నిలబెట్టి అవమానించిన రోజు కూడా చైనా చరిత్రలో ఉంది.

ఈ చిక్కుముడిని విప్పడానికి, నా దృష్టిలో, రంగులకంటే బొమ్మలకంటే ఎక్కువగా పనికివచ్చే ప్రశ్న ఒకటుంది: పైబట్టా కింది బట్టా విడివిడిగా ఉన్నాయా, లేక భుజం నుంచి మడమ దాకా ఒకటే వస్త్రమా? చూడటానికి ఇది దర్జీకి మాత్రమే పట్టే విషయంలా ఉంటుంది. కాని రెండు వేల ఏళ్ళలో ఈ ఒక్క తేడాకే ఒకదానికొకటి పూర్తిగా విరుద్ధమైన అర్థాలు పుట్టాయి. ఆ మార్పులను వరుసగా చూస్తే, గుర్తులను నిఘంటువులోలాగా ఒక పక్క బొమ్మ, మరో పక్క అర్థం పెట్టి చదవడం ఎందుకు కుదరదో తెలుస్తుంది.

ముందుగా మెడ దగ్గరి మడత గురించి చెప్పుకోవాలి. చైనాలో అత్యధిక సంఖ్యాకులైన హాన్ ప్రజల పాతకాలపు పైవస్త్రంలో రెండు అంచులు రొమ్ముమీద ఒకదానిపై ఒకటి వచ్చి నాడాలతో ముడిపడతాయి. ఎడమ అంచు పైకి వచ్చి కుడి చంక కింద ముడి పడితే అది నాగరికుల కట్టు. అది తిరగబడితే, కట్టుకున్నవారు ఉత్తరపు గడ్డిభూముల పరాయి తెగలవారైనా కావాలి, లేదా శవమైనా కావాలి. పూర్వపు మంత్రి గ్వాన్ ఝోంగ్‌ను మెచ్చుకుంటూ కన్ఫ్యూషియస్, ఆయనే లేకపోతే ఈపాటికి మనమంతా జుట్టు విరబోసుకొని ఎడమకు మూసే బట్టలు కట్టుకొని ఉండేవాళ్ళమన్నాడు. అంత్యక్రియల నియమాల్లో మృతదేహానికి తొడిగే బట్టను ఎడమకు మూయాలనీ, మళ్ళీ విప్పే పని లేదు గనుక ఊడదీయడానికి వీలులేని ముడి వేయాలనీ ఉంది. కుడి పైట, ఎడమ పైట అన్న తేడాను బట్టి ఎదుటి మనిషి ఏ వర్గపువారో ఏ ప్రాంతపువారో ఊహించగలిగిన పెద్దవాళ్ళను చూసిన తెలుగువారికి ఇందులో వింత కనిపించదు. అయితే ఇంత గట్టి నియమం కూడా అధికారం చేతులు మారినప్పుడు సడలింది. పన్నెండో శతాబ్దంలో ఉత్తర చైనాను ఏలిన జుర్చెన్‌ల స్త్రీలు పైవస్త్రాన్ని ఎడమకే మూసుకునేవారని ఆ రాజవంశ చరిత్రలో రాసి ఉంది. అక్కడ ఎడమ ముడి పాలకుల కట్టు అయింది.

ఇక ఒకే ముక్క వస్త్రం సంగతి. ప్రాచీన కర్మకాండ గ్రంథమైన లీజీలో షెన్‌యీ అనే వస్త్రానికి ఒక అధ్యాయమే కేటాయించారు. పై భాగాన్నీ కింది భాగాన్నీ విడిగా కత్తిరించి నడుము దగ్గర కలిపి కుట్టిన నిలువు వస్త్రమది. స్త్రీలూ పురుషులూ కూడా తొడిగేవారు. దానికి పన్నెండు పలకలు ఉండాలి, ఎందుకంటే ఏడాదికి పన్నెండు నెలలు. చేతులు వృత్తలేఖినితో గీసినట్టు గుండ్రంగా, మెడపట్టీ వడ్రంగి మూలమట్టంలా చదరంగా ఉండాలి. వీపు మీది కుట్టు మేస్త్రీ గుండు తాడులా మడమల దాకా నిటారుగా దిగాలి. కింది అంచు త్రాసు కాడలా సమంగా ఉండాలి. మనిషి ఈ వస్త్రం తొడుక్కుంటే కొలిచే పరికరాలన్నింటినీ ఒంటిమీద మోస్తున్నట్టే. వంకరగా నడవడానికి వీలు లేదని చెప్పడమే దాని ఉద్దేశం.

కాని ఉత్సవ వస్త్రాల దగ్గరికి వచ్చేసరికి స్త్రీపురుషుల దారులు వేరవుతాయి. పురుషుడి ఉత్సవ వస్త్రం రెండు ముక్కలు, పైది ఆకాశపు నలుపు, కిందిది నేల రంగు. రాణి ధరించవలసిన ఆరు ఉత్సవ వస్త్రాలు మాత్రం పైనుంచి కింది దాకా ఒకటే, ఒకే రంగు. ఇలా ఎందుకన్న ప్రశ్నకు క్రీస్తుశకం రెండో శతాబ్దపు వ్యాఖ్యాత ఝెంగ్ శ్వాన్ ఇచ్చిన జవాబు సూటిగా ఉంటుంది: స్త్రీకి ఏకనిష్ఠ ముఖ్యం, ఆమె ధర్మం ఇంకొకదానితో కలవదు, అందుకే పైబట్టకూ కింది బట్టకూ రంగు మారకూడదు. పురుషుడు ఆకాశాన్నీ భూమినీ రెంటినీ ధరించవచ్చు. స్త్రీ ఒక్కటే రంగులో, ఒక్కటే వస్త్రంలో, ఒక్కరికే కట్టుబడి ఉండాలి. కుట్టులోనే కాపురపు నీతిని ఇమిడ్చిన ఈ వ్యాఖ్య తరువాతి శతాబ్దాల రాజశాసనాలకు ఆధారమైంది.

శాసనం ఇలా ఉండగా, ఆ ప్రాచీన కాలపు స్త్రీలు నిజంగా ఏం ధరించారో చూసే అదృష్టం 1972లో దక్కింది. హునాన్ రాష్ట్రంలోని చాంగ్షా నగరం దగ్గర మావాంగ్‌దుయిలో ఒక సమాధిని తవ్వినప్పుడు, క్రీస్తుపూర్వం రెండో శతాబ్దంలో మరణించిన ఒక సామంత ప్రభువు భార్య శిన్ ఝూయి దేహం, ఆమె వస్త్రాలతో సహా, దాదాపు చెడిపోకుండా బయటపడింది. వాటిలో 128 సెంటీమీటర్ల పొడవున్న పల్చటి పట్టు అంగీ ఒకటి ఉంది. దాని బరువు 49 గ్రాములు. అగ్గిపెట్టెలో ఇమిడే చీర గురించి గర్వంగా చెప్పుకునే మనకు ఆ అంకె విలువ వేరే చెప్పనక్కరలేదు. నన్ను అంతకంటే ఎక్కువగా ఆకట్టుకున్నది ఆ సమాధిలో వెదురు పలకలమీద రాసిపెట్టిన సామాను జాబితా. అక్కడి కుట్టుపనులకు వాటి కాలపు పేర్లే ఉన్నాయి: ఒకటి చిరాయువు కుట్టు, ఒకటి మేఘాలనెక్కే కుట్టు. అంటే ఈ బొమ్మకు ఈ అర్థమని మనం ఇప్పుడు ఊహించి అంటగట్టడం లేదు. ఆ బట్ట మడిచి పెట్టెలో పెట్టినవారే దాన్ని ఒక కోరికగా పిలిచారు.

టాంగ్ కాలానికి (618–907) వచ్చేసరికి ఉడుపు స్వేచ్ఛగా గాలి పీల్చుకున్నట్టు కనిపిస్తుంది. చంకల దాకా ఎత్తి కట్టిన పొడుగు పావడాలు, పొట్టి రవికలు, మధ్య ఆసియా నుంచి వచ్చిన బిగుతు చేతుల అంగీలు, పురుషుల అంగీలు తొడుక్కొని గుర్రమెక్కిన స్త్రీలు ఆ కాలపు సమాధుల గోడలమీద కనిపిస్తారు. టాంగ్ చరిత్రలో ఒక ఘట్టం ఉంది. చక్రవర్తి గావోజోంగ్, చక్రవర్తిని వూ కూర్చున్న విందులో వారి కుమార్తె తైపింగ్ ఊదారంగు అంగీ, పచ్చరాతి మొలకట్టు, నల్లటి తలపాగా ధరించి నృత్యం చేసింది. అది పూర్తిగా పురుషుడైన అధికారి వేషం. తల్లిదండ్రులు నవ్వి, నువ్వు సైనికాధికారివి కావు కదా, ఎందుకిలా తయారయ్యావని అడిగారు. అయితే దీన్ని మీ అల్లుడికి ఇవ్వకూడదా అని ఆమె బదులిచ్చింది. తండ్రికి విషయం అర్థమై సంబంధం చూశాడు. పెళ్ళి మాట నోటితో ఎత్తలేని కూతురు దాన్ని ఒంటిమీది బట్టతో ఎత్తింది. చైనా ఉడుపులో అర్థం ఎలా పనిచేస్తుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఊదారంగుకు ఉన్న హోదా, పురుష వేషానికి ఉన్న హద్దు ఇద్దరికీ తెలిసినందువల్లే ఆ మాట చేరింది.

అదే టాంగ్ శాసనాల ప్రకారం సామాన్య కుటుంబపు పెళ్ళికూతురు కట్టవలసింది నీలి ఆకుపచ్చ రంగు వస్త్రం, పైభాగమూ కిందిభాగమూ కలిసి ఉన్న ఒకే ముక్క వస్త్రం. ఝెంగ్ శ్వాన్ చెప్పిన ఏకనిష్ఠ నియమం ఇక్కడ పెళ్ళిపీటలమీద కూర్చుంది. వరుడు ఎరుపు, వధువు ఆకుపచ్చ. ఎర్రటి మగవాళ్ళు, పచ్చటి ఆడవాళ్ళు అన్న పలుకుబడి చైనా భాషలో ఇప్పటికీ మిగిలి ఉంది. పెళ్ళికూతురు ఎరుపులోకి మారడం తరువాతి కాలపు సంగతి. అందరికీ తెలిసిన ఆ చిత్రం మింగ్ (1368–1644), చింగ్ (1644–1912) కాలాల్లో స్థిరపడింది. తెలుపు మాత్రం చాలాకాలంగా శోకానిదే. అది కూడా శవంలాంటి రంగని కాదు, రంగు అద్దని ముతక జనపనార బట్ట తెల్లగా ఉంటుంది గనుక. అలంకారాన్ని వదులుకోవడమే అక్కడి అసలు గుర్తు. తెల్లటి మధుపర్కాలలో వధూవరులను చూసే తెలుగువారికీ, తెల్లబట్ట చూడగానే చావును తలుచుకునే చైనా పెద్దలకూ మధ్య తేడా రంగులో లేదు, ఆ తెల్లదనం ఏ సందర్భాన్ని గుర్తుచేస్తుందన్న దానిలో ఉంది.

మింగ్ పాలకులు దుస్తులను హోదాల లెక్కగా మార్చారు. 1391 నుంచి అధికారుల రొమ్ముమీదా వీపుమీదా చదరపు గుర్తులు కుట్టడం నియమమైంది. పౌర అధికారులకు పక్షులు, సైనికాధికారులకు మృగాలు. పౌరుల్లో మొదటి శ్రేణికి కొంగ, మూడో శ్రేణికి నెమలి, ఆరో శ్రేణికి తెల్లకొంగ. భార్యలు భర్త శ్రేణి గుర్తునే ధరించేవారు. చింగ్ కాలపు జంట చిత్తరువుల్లో భార్య రొమ్ముమీది పక్షి భర్త పక్షికి ఎదురుగా తిరిగి ఉంటుంది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటే పక్షులు రెండూ ఒకదాన్నొకటి చూసుకుంటాయి. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. కాని ఆ పక్షి ఆమె సంపాదించినది కాదు, భర్త ఉద్యోగం పెరిగితే పెరిగేది, పోతే పోయేది.

ఈ లెక్కకు ఒక్కరోజు మినహాయింపు ఉండేది, అది పెళ్ళిరోజు. ఆ రోజు సామాన్యుడైన వరుడు తొమ్మిదో శ్రేణి అధికారి వేషం అరువు తెచ్చుకోవచ్చని మింగ్ నియమాలు అనుమతించాయి. వధువు కూడా అధికారుల ఇల్లాళ్ళు ధరించే పక్షి కిరీటాన్నీ, మెడచుట్టూ వేలాడే షియాపెయి అనే కుట్టుపని పట్టీనీ ధరించేది. నింగ్‌బో ప్రాంతంలో దీనికి ఒక కథ చెబుతారు. శత్రువులు తరుముతుండగా పారిపోతున్న సోంగ్ రాజవంశపు యువరాజును ఒక పల్లెటూరి పిల్ల దాచి కాపాడిందట. ఆయన చక్రవర్తి అయ్యాక ఆ పిల్లను గుర్తుపట్టలేక, ఆ ప్రాంతపు ఆడపిల్లలంతా పెళ్ళినాడు రాణివాసపు కిరీటం పెట్టుకోవచ్చని వరమిచ్చాడట. ఇది కథే గాని చరిత్ర కాదు. అయినా ఒక్కరోజు రాణి కావడానికి ఎవరి అనుమతో కావాలని జనం భావించారన్నది ఆ కథలో ఉన్న నిజం.

అసలు కిరీటాలు ఎలా ఉండేవో బీజింగ్ దగ్గరి దింగ్‌లింగ్ సమాధిలో చూశారు. మింగ్ చక్రవర్తి వాన్లీనీ, ఆయన రాణులు ఇద్దరినీ ఉంచిన ఆ సమాధిని 1950ల చివర్లో తవ్వారు. పట్టమహిషి కిరీటంలో తొమ్మిది డ్రాగన్లు, ఫెంగ్‌హువాంగ్ అనే పౌరాణిక పక్షులు తొమ్మిది, వేల ముత్యాలు, వందకు పైగా రత్నాలు ఉన్నాయి. బరువు రెండు కిలోలకు పైమాటే. ఆ మెరిసే నీలం లకుముకి పిట్ట ఈకలది. ఒక్కొక్క ఈకనూ కత్తిరించి లోహంమీద అతికించారు. కిరీటం కన్నా నన్ను నిలబెట్టేసింది రెండో రాణి పేటికలో దొరికిన రవిక. దానిమీద వంద మంది మగపిల్లలు ఆడుకుంటూ ఉంటారు. వంద మంది కొడుకులు కలగాలన్న దీవెన అది. ఆమె దాసిగా అంతఃపురంలో చేరి, చక్రవర్తికి పెద్దకొడుకును కని, అయినా ఆయన ఆదరణకు నోచుకోక 1611లో కన్నుమూసింది. మనవడు సింహాసనమెక్కాకే ఆమెకు రాణి హోదా ఇచ్చి, వేరేచోట పూడ్చిన పేటికను తెచ్చి భర్త పక్కన చేర్చారు. దీవెన కుట్టిన బట్ట ఉండటం వేరు, దీవెన ఫలించడం వేరు.

1644లో ఈశాన్యం నుంచి వచ్చిన మంచూలు బీజింగ్‌ను గెలుచుకున్నారు. చింగ్ రాజవంశం వారిదే. మరుసటి ఏడు హాన్ పురుషులంతా ముందుతల గొరిగించుకొని, వెనుక జడ వేసుకొని, మంచూ తరహా దుస్తులు ధరించాలని ఆజ్ఞ వచ్చింది. కాదన్నవారి తలలు తెగాయి. స్త్రీల విషయంలో అంత నిర్బంధం పెట్టలేదు. మగవాళ్ళు లొంగారు, ఆడవాళ్ళు లొంగలేదు అన్న జనంమాట అప్పుడు పుట్టింది. దాంతో ఒకే ఇంట్లో భర్త ఒంటిమీద గెలిచినవారి పొడవాటి అంగీ, భార్య ఒంటిమీద కూలిపోయిన రాజవంశపు రవికా పావడా కనిపించే వింత పరిస్థితి రెండున్నర శతాబ్దాలపాటు కొనసాగింది. ఇక్కడే మన మొదటి ప్రశ్నకు జవాబు తలకిందులైంది. హాన్ ఇళ్ళలో ఒకే ముక్క వస్త్రం ఇప్పుడు పురుషుడిది. రెండు ముక్కల కట్టు స్త్రీది. మూడు పాయల కొప్పు, రెండు ముక్కల బట్ట అన్నది ఆడమనిషికి మారుపేరయింది. ఝెంగ్ శ్వాన్ చూస్తే నమ్మి ఉండడు.

ఈ రవిక కింద కట్టిన పావడాల్లో ప్రసిద్ధమైనది గుర్రపుముఖం పావడా. నడుముపట్టీకి కుట్టిన రెండు విడి బట్టలు ముందూ వెనుకా ఒకదానిపై ఒకటి వస్తాయి. ఆ అతివ్యాప్తి దగ్గర కుచ్చిళ్ళు లేని బల్లపరుపు పలక ఉంటుంది, పక్కల కుచ్చిళ్ళు. కోటగోడ నుంచి ముందుకు పొడుచుకొచ్చే బురుజును కూడా గుర్రపుముఖం అనేవారు. మంచూ స్త్రీలు మాత్రం నిలువు అంగీ తొడిగేవారు, ఎత్తు మడమ మధ్యలో ఉండే చెక్క జోళ్ళు వేసుకునేవారు, ఒక్కో చెవికి మూడేసి పోగులు పెట్టుకునేవారు. హాన్ స్త్రీల తరహాలో కొందరు మంచూ కన్యలు ఒకే పోగు పెట్టుకొని అంతఃపుర ఎంపికకు వచ్చారని చక్రవర్తి చియెన్‌లాంగ్ 1775లో మండిపడ్డాడు. చెవిపోగుల లెక్కలో చక్రవర్తికి రాజ్యపు సరిహద్దు కనిపించింది.

పాదాల దగ్గర ఈ సరిహద్దు రక్తం కారింది. హాన్ కుటుంబాల్లో చిన్నపిల్లల కాలివేళ్ళను కిందికి మడిచి, ఎముక వంగి విరిగేదాకా గుడ్డతో బిగించి కట్టేవారు. మంచూ స్త్రీలకు అది నిషిద్ధం. తొలి మంచూ పాలకులు హాన్‌లలో దాన్ని మాన్పించబోయి 1668లో ఆ ప్రయత్నాన్నే వదులుకున్నారు. అరచేతిలో పట్టే ఆ జోళ్ళను తల్లీకూతుళ్ళు ఇంట్లోనే కుట్టుకునేవారు. వాటిమీద తామరలు, సీతాకోకచిలుకలు, జంట బాతులు ఉంటాయి. మ్యూజియం అద్దాల వెనుక వాటిని చూసి ఎంత అందమైన పని అనే ముందు, ఆ సూదిపట్టిన చేయి ఎవరిదో, అది ఎవరి పాదాన్ని కట్టిందో తలుచుకోవలసి ఉంటుంది. తల్లి కుట్టిన దీవెన నిజం, కట్టిన గుడ్డా నిజం. ఒకదాన్ని చెప్పి మరొకదాన్ని దాచడం ఆ పిల్లలకు అన్యాయం. మాన్పించాలని 1902లో రాజమాత త్సిషీ శాసనం చేసింది, 1912లో గణతంత్ర ప్రభుత్వం నిషేధించింది, పల్లెల్లో పోవడానికి ఇంకా దశాబ్దాలు పట్టింది.

ఇప్పుడు బొమ్మల దగ్గరికి వద్దాం. చైనా కుట్టుపనిలో ఎక్కువ బొమ్మలకు అర్థం రూపంలో ఉండదు, శబ్దంలో ఉంటుంది. చైనా భాషలో అక్షరాలు అనేకం, ఉచ్చారణలు కొన్నే. అందుకే ఒకే శబ్దానికి పదుల కొద్దీ మాటలు ఉంటాయి. గబ్బిలాన్నీ ఫూ అంటారు, భాగ్యాన్నీ ఫూ అంటారు. అందుకే అంగీలమీద గబ్బిలాలు గుంపులుగా ఎగురుతాయి. ఐదు గబ్బిలాలంటే ఐదు భాగ్యాలు. ఎర్రగబ్బిలమైతే ఇంకా మేలు, ఎందుకంటే ఎరుపును పలికే హోంగ్ అన్న శబ్దమే అపారమన్న మాటకూ శబ్దం. ఇంట్లోకి గబ్బిలం దూరితే కీడు శంకించే మన పల్లెటూరి మనిషికి ఆ అంగీ చూపిస్తే ఉలిక్కిపడతాడు. శబ్దం తెలియనివారికి అర్థం అందదు. చేపను యూ అంటారు, మిగులును కూడా యూ అంటారు. తామరలోని లియెన్ ఎడతెగకపోవడాన్ని కూడా చెబుతుంది. రెండూ కలిపి కుట్టితే ఏటేటా మిగులు ఉండాలని. పిల్లి మావ్, సీతాకోకచిలుక ద్యే. ఆ రెండు శబ్దాలూ కలిస్తే ఎనభై తొంభై ఏళ్ళ పండువయసును చెప్పే మాట వినిపిస్తుంది, అందుకే పిల్లి సీతాకోకచిలుకను తరిమే బొమ్మ ముసలామె అంగీమీద ఉంటుంది. ప్లమ్ కొమ్మమీద మాగ్‌పై పిట్ట వాలితే సంతోషం కనుబొమల కొసకెక్కిందని అర్థం, ఎందుకంటే ఆ పిట్ట పేరులోనే సంతోషమన్న మాట ఉంది, ప్లమ్‌కూ కనుబొమకూ మెయి అన్నదే శబ్దం.

మన కావ్యాల్లో శ్లేష ఉంది. ఒకే పద్యం రెండు కథలు చెప్పగా విని ఆనందించే అలవాటు తెలుగు పాఠకులకు కొత్త కాదు. ఇక్కడ తేడా ఏమిటంటే ఈ శ్లేషను రాసినవారిలో చాలామందికి చదువు రాదు. అక్షరం నేర్వని ఆడవాళ్ళు సూదితో శ్లేష కట్టారు, చూసిన ఆడవాళ్ళు బొమ్మ పేరు పైకి పలికి దాన్ని చదివారు. హాన్ స్త్రీల వెడల్పాటి చేతుల అంచులకు వేసే పట్టీలమీద కుట్టుపని సాధారణంగా వెనుక భాగంలోనే ఉంటుంది. చేతులు రెండూ ముందుకు చేర్చి ఒద్దికగా నిలబడినప్పుడు ఎదుటివారికి కనిపించేది ఆ వైపే. చదవవలసినవారి కళ్ళు ఎక్కడ పడతాయో లెక్కచూసుకునే ఆ వాక్యం రాశారు.

శబ్దంతో పనిలేని గుర్తులూ ఉన్నాయి. జంటగా ఈదే మాండరిన్ బాతులు దాంపత్యం, మన కావ్యాల్లో జక్కవల జంటలాగా. పగిలిన దానిమ్మ నిండా గింజలు గనుక బోలెడంత సంతానం. అయితే గింజకూ బిడ్డకూ చైనా భాషలో ఒకే మాట ఉండటంతో ఇక్కడా శబ్దం తొంగిచూస్తుంది. నేను గమనించినంతలో ఈ బొమ్మల్లో ఎక్కువ భాగం కొడుకులు కలగాలనీ, భర్తకు పదవి రావాలనీ, ఇంట్లో ధనం మిగలాలనీ కోరతాయి. ధరించిన మనిషి తనకోసం అడిగేది దీర్ఘాయువు ఒక్కటే. చైనా అంటే హాన్ ప్రజలే కాదని కూడా ఇక్కడ గుర్తుచేయాలి. గ్వీజౌ కొండల్లోని మియావ్ స్త్రీల కుట్టుపనిలో సీతాకోకచిలుకకు శబ్దశ్లేషతో సంబంధం లేదు. ఆమె వారి పురాణాల్లో జీవులన్నింటికీ ఆది తల్లి. పావడాల అడ్డచారలను తమ పూర్వీకులు వలసవచ్చేటప్పుడు దాటిన నదులుగా వారు చెప్పుకుంటారు. పొరుగు లోయలోనే ఒకే బొమ్మ వేరే భాషలో వేరే కథ అవుతుంది.

1912లో చక్రవర్తుల పాలన ముగిసింది. 1920ల్లో షాంఘై వంటి నగరాల్లో చదువుకునే ఆడపిల్లలు రవికా పావడా వదిలి, భుజం నుంచి కింది దాకా జారే వదులైన అంగీ తొడగడం మొదలుపెట్టారు. దాని పేరు చీపావ్. చీ అంటే జెండా, పావ్ అంటే అంగీ. మంచూల సమాజం ఎనిమిది జెండాల కింద సేనలుగా ఏర్పడినది గనుక వారిని జెండావారు అనేవారు. ఆ లెక్కన ఇది మంచూల అంగీ. కాని ఆ ఆడపిల్లలు మంచూలను అనుకరించారన్న మాట అందరూ ఒప్పుకోరు. మగవాళ్ళు నిలువు అంగీలో తిరుగుతుంటే, ఆడవాళ్ళు మాత్రం రెండు ముక్కల్లో ఉండటమెందుకని వారు అడిగారనీ, వారు తీసుకున్నది అన్నదమ్ముల అంగీ అనీ మరో వాదన. మొదటి చీపావ్‌లు నడుము తెలియనివ్వనంత తిన్నగా ఉండేవి. ఒంపులు చూపే కత్తిరింపు తరువాత వచ్చింది. అందువల్ల నాకు రెండో వాదనే బలంగా కనిపిస్తుంది. కాంటన్ ప్రాంతపు భాషలో ఆ దుస్తుకు చోంగ్‌సామ్ అని పేరు, పొడవాటి బట్ట అని అర్థం; అందులో మంచూల ఊసే లేదు. ఏకనిష్ఠకు గుర్తుగా రాణికి తొడిగిన ఒకే ముక్క వస్త్రం, ఇలా ఆడా మగా సమానమన్న ప్రకటనగా తిరిగివచ్చింది. 1929లో జాతీయ ప్రభుత్వం స్త్రీల ఉత్సవ వేషంగా రవికా పావడాతోపాటు దీన్నీ గుర్తించింది.

ఆ గౌరవం నలభై ఏళ్ళు నిలవలేదు. 1963లో అధ్యక్షుడు ల్యూ షావోచీతో ఇండోనేషియా పర్యటనకు వెళ్ళినప్పుడు ఆయన భార్య వాంగ్ గ్వాంగ్‌మెయి చీపావ్ ధరించింది. 1967 ఏప్రిల్ 10న, సాంస్కృతిక విప్లవం ఉధృతంగా ఉన్న రోజుల్లో, బీజింగ్‌లోని చింగ్‌హువా విశ్వవిద్యాలయంలో కమ్యూనిస్టు నేత మావో యువ అనుచరులైన రెడ్ గార్డులు ఆమెచేత బలవంతంగా చీపావ్ తొడిగించి, ముత్యాల దండకు బదులు పింగ్‌పాంగ్ బంతుల దండ మెడలో వేసి, జనం ముందు నిలబెట్టారు. బట్ట అదే. అతిథిగా వెళ్ళిన దేశంలో అది చైనా గౌరవం. స్వదేశంలో నాలుగేళ్ళ తరువాత అది బూర్జువా నేరానికి సాక్ష్యం. ఆ తరువాత చాలాకాలం ప్రధాన భూభాగంలో ఆ దుస్తు బీరువాల అడుగున దాగింది. హాంకాంగ్, తైవాన్ దర్జీల చేతుల్లో బతికింది.

ఇప్పుడు చైనా యువతరంలో చాలామందికి చీపావ్ తమ సంప్రదాయంగా తోచదు. 2003 నవంబరులో జెంగ్‌జౌ నగరంలో ఒక విద్యుత్ కార్మికుడు మంచూలకు ముందటి హాన్ వేషం ధరించి వీధుల్లో నడిచాడు. ఆ నడకను, హాన్ దుస్తులను తిరిగి తేవాలన్న హాన్‌ఫూ ఉద్యమానికి ఆరంభంగా చెప్పుకుంటారు. 2022 జులైలో పారిస్‌లోని ఒక ఖరీదైన ఫ్యాషన్ దుకాణం ముందు చైనా విద్యార్థులు నిరసన తెలిపారు. ఆ సంస్థ తమ సొంత రూపకల్పనగా అమ్ముతున్న పావడా గుర్రపుముఖం పావడాయేనని వారి అభ్యంతరం. ఇప్పుడు షాండోంగ్ రాష్ట్రంలోని చావ్ జిల్లాలో యంత్రాలమీద ఆ పావడాలు పెద్దయెత్తున తయారవుతున్నాయి. కొత్త సంవత్సరానికి వాటిని కొనే ఆడపిల్లలు కాలేజీకి, రైల్లో ఊరికి వాటినే కట్టుకొని వెళుతున్నారు. ఒకప్పుడు ఆడమనిషికి మారుపేరైన రెండు ముక్కల కట్టు ఇప్పుడు హాన్ జాతి స్వాభిమానానికి జెండా. ఆ స్వాభిమానంలో మంచూ పౌరులను పరాయివారిగా చూసే ధోరణి అక్కడక్కడ తలెత్తడం నాకు నచ్చదు. అమ్మమ్మల పావడా బాగుందని కట్టుకునే పిల్లలను ఆ ధోరణితో ముడిపెట్టడం కూడా సరికాదు.

చీపావ్ మాత్రం ఏటా జూన్ 7న ఒక పెద్ద పనిమీద బయటికి వస్తుంది. ఆ రోజు దేశమంతటా విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్షలు మొదలవుతాయి. పరీక్షా కేంద్రాల గేట్ల ముందు నడివయసు తల్లులు చీపావ్‌లలో నిలబడతారు. కొన్నిచోట్ల తండ్రులు కూడా దాన్ని తొడుక్కొని వస్తారు. చీ కాయ్ దె షెంగ్ అనే పాత నానుడి ఉంది: జెండా విప్పగానే విజయం. అందులోని చీ, చీపావ్‌లోని చీ ఒకే అక్షరం. ఒకప్పుడు గెలిచిన సేనల గుర్తుగా మంచూల పేరైన ఆ జెండా, ఆ పేరుతో ఒక అంగీలోకి ఎక్కి, ఇప్పుడు లెక్కల పరీక్ష రాస్తున్న పిల్లవాడికి తల్లి దీవెనగా గేటు బయట ఎండలో నిలబడి ఉంటుంది. మొదటిరోజు ఎర్రది కట్టుకుంటారు, ఆరంభం శుభంగా ఉండాలని. రెండోరోజు పచ్చది, దారంతా పచ్చదీపమే వెలగాలని.